గిడస అనే మాట

నా చిన్నప్పుడు మా లంకలో పిల్లల వయసు ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోమనేవారు. చెవి అందితే బడి ఈడు వచ్చినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మన్నట్టు. ఇప్పటి పిల్లలకి చెబితే పడీపడీ నవ్వుతారు. నవ్వనీండి. చెవి అందని పిల్లని నేను. డెబ్బయ్యేళ్ళు వచ్చినా నాకు మాత్రం ఆ సంగతికి నవ్వు రాదు.

మాది కొల్లేటికోట దగ్గర చిన్న లంక. చుట్టూ కొల్లేరు, మధ్యలో కాస్త మెరక, ఆ మెరక మీద మా తాటాకు ఇళ్ళు. ఎక్కడికి వెళ్ళాలన్నా దోనె ఎక్కాల్సిందే. ఇంట్లో అమ్మ, నాన్న, నేను, చెల్లి, అమ్మకి తండ్రి అయిన మా తాతయ్య ఉండేవాళ్ళం. తాతయ్య చేపలు పట్టేవాడు, నాన్న వాటిని ఏలూరు తీసుకెళ్ళి అమ్ముకొచ్చేవాడు. తాతయ్య బాగా పొడగరి. తలకి ఎప్పుడూ ఒక తువ్వాలు చుట్టుకుని ఉండేవాడు. మాటలు తక్కువ. అందరూ అరుచుకుంటున్నప్పుడు ఆయన గుమ్మంలో కూర్చుని మావులు అల్లుకునేవాడు. మావులంటే వెదురు పుల్లలతో అల్లి నీళ్ళలో పెట్టే బుట్టలు. చేప లోపలికి వెళ్ళగలదు గానీ బయటికి రాలేదు.

నేను పుట్టడమే చాలా చిన్నగా పుట్టానట. మంత్రసాని నన్ను చూసి, "ఇది పిల్లా, పిందా?" అందని అమ్మ చెప్పేది. పుట్టాక అయినా ఎదిగానా అంటే అదీ లేదు. చెల్లి నా తర్వాత ఏడాదికి పుట్టింది. పుట్టిన దగ్గర్నించీ అది ఏపుగా ఎదుగుతూనే ఉంది. లోకంలో ఎవరింట్లోనైనా అక్కకి పొట్టయిన గౌను చెల్లికి వేస్తారు. మా ఇంట్లో చెల్లికి పొట్టయిన గౌను నాకు వచ్చేది. ఆ గౌను వేసుకున్న రోజు నేను ఇంట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. ఎవరైనా గుర్తుపట్టి, "ఇది మీ చెల్లి గౌను కదే" అంటారేమోనని భయం.

మా ఊళ్ళోకి చేపలు కొనడానికి ఒక పెద్దమ్మ వచ్చేది. మంచిదే పాపం, కానీ నోటికి హద్దు లేదు. ఒకనాడు మా వాకిట్లో కూర్చుని నన్నూ చెల్లినీ పక్కపక్కన చూసి, "ఏవమ్మా, నీ కడుపున ఒకటి కొరమేను పుట్టింది, ఒకటి మట్టగిడస పుట్టింది!" అంది. వాకిట్లో ఉన్నవాళ్ళందరూ గొల్లుమన్నారు. అమ్మ కూడా నవ్వింది. నవ్వి, వెంటనే నా మొహం చూసి నోరు మూసుకుంది.

కొరమేనంటే చెప్పక్కర్లేదు, కొల్లేటికి రాజు. చెయ్యంత పొడుగు ఎదుగుతుంది, ధర పలుకుతుంది. మట్టగిడస చూడ్డానికి అచ్చం దానిలాగే ఉంటుంది గానీ జానెడు దాటదు. కాస్త మచ్చలు, కాస్త బురద రంగు. పిల్లలందరం ఏమనుకునేవాళ్ళమంటే, కొరమేను ఎదగడం మానేస్తే మట్టగిడస అవుతుందని. పెద్దవాళ్ళెవరూ అలా చెప్పలేదు. మాకు మేమే అనుకున్నాం. పెద్దమ్మ మాట పుణ్యమా అని ఆ రోజునుంచి ఊళ్ళో నా అసలు పేరు పోయింది. గిడస. "ఏయ్ గిడసా, ఇటు రా." "గిడసకి కొంచెం అన్నం చాల్లే, ఎక్కడ పడుతుంది?" నేను పలికేదాన్ని కాదు. పలక్కపోయినా పేరు అతుక్కుపోయింది.

అసలు బాధ అది కాదు. ముందటేడు బడి తెరిచినప్పుడు నన్నూ చెల్లినీ కలిపి తీసుకెళ్ళారు. మా బడి లంకలోనే చర్చి పక్కనున్న పెంకుటింట్లో. టీచరమ్మగారు చెయ్యి తిప్పమన్నారు. చెల్లి చెయ్యి టక్కున చెవికి తగిలింది. నా చెయ్యి జుట్టు దగ్గరే ఆగిపోయింది. ఇంకాస్త లాగాను. మెడ వంచాను. మెడ వంచకూడదన్నారు. చెల్లి పలక పట్టుకుని బడికి పోతుంటే నేను ఇంట్లో అమ్మ వెనకాల కొంగు పట్టుకుని తిరిగాను. సాయంత్రం అది వచ్చి అక్షరాలు పలుకుతుంటే చెవులు మూసుకునేదాన్ని. మళ్ళీ కాసేపటికి అది చూడకుండా ఇసకలో అవే దిద్దుకునేదాన్ని. అక్కని కదా, అడగడానికి సిగ్గు.

ఆ మరుసటేడు మళ్ళీ బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. ఉండి అనే ఊళ్ళో మా మేనత్తకి చంటిబిడ్డ, చూసుకునే దిక్కు లేక అవస్థ పడుతోందని కబురొచ్చింది. అన్నం తింటూ నాన్న, "ఈ ఏడూ చెవి అందకపోతే పెద్దదాన్ని ఉండి పంపించేద్దాం. ఊరికే ఇంట్లో కూర్చునే బదులు బిడ్డనైనా ఆడిస్తుంది. ఇంక బడి మాట మరిచిపోదాం," అన్నాడు. నాన్న కోపంగా అనలేదు. మా ఇళ్ళల్లో ఆడపిల్ల ఒక్కతి చదివితేనే గొప్ప, ఇద్దరెందుకనుకునే రోజులవి. అమ్మ తల వంచుకుని వడ్డించింది. ఉండి ఎక్కడుందో నాకు తెలియదు. భీమవరం పక్కన అన్నారు. భీమవరం ఎక్కడుందో కూడా తెలియదు. నాకు తెలిసిందల్లా అక్కడికి వెళితే ఇక పలక లేదని.

ఆ రోజునుంచి పొద్దున్నే లేచి జామకొమ్మ పట్టుకుని వేలాడేదాన్ని, చేతులు సాగుతాయని. సాగలేదు సరికదా, ఒకనాడు కొమ్మ విరిగి కిందపడి మోచెయ్యి కొట్టుకుపోయింది. చెల్లి చూసి నవ్వలేదు. పసుపు తెచ్చి అద్దింది. అది నవ్వి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్న తాతయ్య నన్ను దోనెలో తనతో తీసుకెళ్ళాడు. తొలకరి వానలు రెండుమూడు పడ్డాయి. కొల్లేరు అప్పుడే కళ్ళు తెరుస్తోంది. కిక్కిస గడ్డి కొత్త చిగురు వేసింది. తామరాకుల మీద నీటికోళ్ళు పరిగెత్తుతున్నాయి. తాతయ్య మావులు ఒక్కొక్కటే పైకి తీసి, చేపల్ని నీళ్ళు పోసిన మట్టికాగులోకి దులిపాడు. తర్వాత నన్ను గట్టున కాగు దగ్గర కూర్చోబెట్టి, "ఎదగనివేవైనా ఉంటే ఏరి నీళ్ళలో వదిలెయ్యి. ఎదిగాక అవే వస్తాయి," అని అవతల పెట్టిన మావు తీసుకురావడానికి వెళ్ళాడు.

అది మా తాతయ్య పద్ధతి. కొరమేను పిల్లలు పడితే ఎంత కూరకి లేకపోయినా తెచ్చేవాడు కాదు. నీళ్ళలో వదిలేసి, "పోయి ఎదిగి రండి," అనేవాడు, ఇంటికొచ్చిన చుట్టాల్ని సాగనంపినట్టు. నేను కాగులోకి తొంగి చూశాను. పెద్ద కొరమేనులు అడుగున చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. వాటి మీద చిన్నచిన్నవి, మచ్చలవి, బోలెడున్నాయి. మట్టగిడసలు. ఇవన్నీ ఎదగని కొరమేనులే కదా, వీటికీ ఒక్క ఏడాది టైమిస్తే ఎదుగుతాయి కదా అనుకున్నాను. ఒక్కొక్కదాన్నీ రెండు చేతులా పట్టుకుని నీళ్ళలో వదిలాను. జారిపోయేవి జారిపోతున్నా వెంటపడి పట్టుకున్నాను. "పోయి ఎదిగి రండి, పోయి ఎదిగి రండి," అని ప్రతిదానికీ చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఎవరైనా నాకు కూడా అలా చెప్పి, మళ్ళీ వచ్చేదాకా ఆగుతామంటే ఎంత బాగుండును అనిపించింది.

తాతయ్య తిరిగొచ్చి కాగు చూశాడు. ఆ రోజు ఇంట్లో కూరకి అవే. కొరమేనులు ఏలూరు పోవాల్సినవి, మట్టగిడసలు మేం తినాల్సినవి.

"ఏవే, మన గిడసలేవి?"

"వదిలేశాను."

"అన్నీనా?"

"ఎదగలేదు కదా తాతయ్యా. ఎదగనివి వదిలెయ్యమన్నావుగా."

 తాతయ్య తిడతాడనుకున్నాను. తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, "తస్సాదియ్యా, బాగా చేశావు," అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. నా మోచేతి మీది దెబ్బ చూశాడు. పొద్దున్నే జామచెట్టు దగ్గర నేను చేసే పని ఆయనకి తెలుసునని నాకప్పుడు అర్థమైంది. "ఎక్కు," అని దోనె తిప్పాడు. ఇంటివైపు కాదు, కిక్కిస దుబ్బుల వైపు.

అక్కడ నీళ్ళు నడుముదాకా కూడా ఉండవు. గడ్డి నీడలో చల్లగా, కదలకుండా ఉంటాయి. తాతయ్య తెడ్డు వెయ్యడం మానేసి ఊరికే కూర్చున్నాడు. నన్ను మాట్లాడొద్దని సైగ చేశాడు. కాసేపటికి ఒకచోట నీళ్ళ మీద చినుకులు పడుతున్నట్టు కదిలింది. ఆకాశంలో మబ్బు లేదు. వంగి చూస్తే నీళ్ళలో నల్లగా ఆవాలు చల్లినట్టు పిల్లలు, లెక్కలేనన్ని చేపపిల్లలు, అన్నీ ఒక్క గుంపుగా పైకొచ్చి గాలి పీల్చుకుని కిందికి పోతున్నాయి. వాటి కింద నీడలా ఒక చేప ఉంది. జానెడు చేప, మచ్చల చేప.

"అది కూడా పిల్లేనా తాతయ్యా?" అన్నాను గుసగుసగా.

"పిల్ల కాదే, అమ్మ."

నేను నమ్మలేదు. "అమ్మా? ఇంతేనా?"

"ఇంతే. ఇంతే దాని ఎత్తు."

ఆయన తెడ్డు కొస మెల్లగా ఆ గుంపు దగ్గరికి జరిపాడు. ఆ జానెడు చేప ఉన్నట్టుండి రివ్వున వచ్చి తెడ్డుని పొడిచింది. చెక్క మీద టప్పున చప్పుడైంది. నేను అదిరిపడ్డాను. తాతయ్య తెడ్డు తీస్తే అది మళ్ళీ పిల్లల కిందికి పోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ వచ్చింది. దాని కంటే ఎన్నో రెట్లున్న తెడ్డు, ఆ వెనక ఇంత మనిషి, ఇంత దోనె, దానికి పట్టనే లేదు. మూడోసారి తాతయ్య తెడ్డు పెట్టలేదు. "చాల్లే, పిల్లల తల్లిని ఏడిపించకూడదు," అన్నాడు.

వెనక్కి వచ్చేటప్పుడు ఆయన చాలా చెప్పాడు. అంతకు ముందూ ఆ తర్వాతా ఆయన అన్ని మాటలు ఒక్కసారి చెప్పగా నేను వినలేదు. ఎదగకుండా ఆగిపోయింది వేరు, ఎదగడం పూర్తయి ఇంతే ఉన్నది వేరు. రెండోదాన్నే గిడస అంటారు. కొరమేను పిల్ల నీ అరచెయ్యంత ఉన్నా అది గిడస కాదు, దానికి ఇంకా ఎదిగే పని ఉంది. మట్టగిడస ఎదిగింది, గుడ్లు పెట్టింది, పిల్లల్ని కాస్తోంది, దాని పని అంతా అది చేసుకుంటోంది. కొరమేను పక్కన పెట్టి చూస్తేనే అది చిన్నది. దాని ఇంట్లో అది పెద్దదే. తాతయ్య వాళ్ళ అమ్మమ్మ పెరట్లో ఒకప్పుడు గిడస అరటి ఉండేదట. మనిషి ఎత్తు కూడా లేదు, గెల మాత్రం నేలకి ఆనేదట. ఆయన మేనమామ వాళ్ళింట్లో గిడస ఆవు ఒకటి ఉండేదట. పాలు పితకాలంటే కూర్చుంటే చాలదు, వంగాలి. రెండుపూటలా చెంబు నింపేదట. ఆ మాట పనిచేసి చూపించినవాటికే వాడాలన్నాడు. మొలకని గిడస అనకూడదు. మొగ్గని అనకూడదు. పసిబిడ్డని అసలే అనకూడదు.

"మరి ఎదగకుండా ఆగిపోయినదాన్ని ఏమంటారు?" అని అడిగాను.

తాతయ్య ఆలోచించాడు. "ఏమోనే, దానికి మన దగ్గర మాట లేదు. అలాంటివి మనం నీళ్ళలో వదిలేస్తాం కదా, ఎదిగిపోతాయి," అన్నాడు.

"నన్నెందుకు అంటారు మరి?"

"తొందరపడి అంటున్నారు. నువ్వు కొరమేనువో గిడసవో ఇంకా తెలియలేదుగా. ఏదైనా ఈదాల్సింది ఈ నీళ్ళలోనే."

ఆ రోజు ఇంట్లో పప్పుచారే కూర. మట్టగిడసల పులుసు కోసం మసాలా నూరి పెట్టుకున్న అమ్మ చిందులు తొక్కింది. తాతయ్య తాపీగా, "కాగు ఒరిగిపోయిందే, నా చెయ్యి జారింది," అన్నాడు. నా వంక చూడను కూడా చూడలేదు. చారన్నం రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు, కమ్మగా ఉందని.

బడి తెరిచారు. నాన్న చేపలేసుకుని ఏలూరు వెళ్ళాడు కాబట్టి నన్ను తాతయ్యే తీసుకెళ్ళాడు. ఉతికిన పంచె కట్టుకుని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తల మీద తువ్వాలు లేని తాతయ్యని చూడడం నాకు అదే మొదలు. టీచరమ్మగారు తణుకు నుంచి వచ్చి మా లంకలో ఉండేవారు. తెల్లచీర కట్టుకుని, మెల్లగా మాట్లాడేవారు. పిల్లలంటే ప్రేమ. కానీ గది చిన్నది, చేరడానికి వచ్చేవాళ్ళు ఎక్కువ, పైవాళ్ళు పెట్టిన రూలు అది. ఆవిడ తప్పేం లేదు.

నా వంతు వచ్చింది. చెయ్యి తిప్పాను. కళ్ళు మూసుకుని లాగాను. చెవి పైకొస ఇక్కడే ఎక్కడో ఉందని తెలుస్తోంది, వేలికి మాత్రం జుట్టే తగులుతోంది. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. కిటికీలోంచి చెల్లి చూస్తోంది. దాని పెదవులు బిగుసుకుపోయి ఉన్నాయి, నా బదులు అదే చెయ్యి లాగుతున్నట్టు.

"ఇంకా ఎదగాలండీ తాతగారూ. వచ్చే ఏడు తీసుకురండి," అన్నారు టీచరమ్మగారు.

"చిత్తం అమ్మగారండీ," అన్నాడు తాతయ్య. వాదించే అలవాటు మా వాళ్ళకి లేదు. నా చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు తిరిగాడు. వచ్చే ఏడంటే ఉండి ప్రయాణమే. ఇక బడి లేదు. నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు ధైర్యం, వెనక్కి తిరిగి పెద్దగా అనేశాను.

"నేను ఎదగడం అయిపోయిందేమోనండీ. గిడసనేమోనండీ."

గదంతా ఒక్కసారి నవ్వు. టీచరమ్మగారు నవ్వలేదు. ఆవిడది మా ప్రాంతం కాదు, మట్టగిడస సంగతి ఆవిడకి తెలియదు. "గిడస అంటే ఏంటమ్మా?" అన్నారు.

చెప్పాను. ఆపకుండా చెప్పాను. ఎదగనిది గిడస కాదండీ, ఎదిగాక కూడా చిన్నగా ఉండేదండీ. కొరమేను పిల్ల గిడస కాదండీ. మొలక గిడస కాదండీ. అరటిచెట్టు గెల వేస్తే అప్పుడు గిడస అరటి అండీ. గిడసకి పిల్లలుంటాయండీ, నల్లగా బోలెడు, తెడ్డు పెడితే వచ్చి పొడుస్తుందండీ, భయపడదండీ. ఊపిరి తిరక్క మధ్యలో ఆగి మళ్ళీ చెప్పాను. పిల్లల నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు.

టీచరమ్మగారు కుర్చీలోంచి లేచి, నా ముందు నేల మీద గొంతుక్కూర్చున్నారు. ఆవిడ మొహం నా మొహానికి సరిగ్గా ఎదురుగా వచ్చింది.

"మరి నువ్వు కొరమేనువా, గిడసవా?"

"ఇంకా తెలియలేదండీ."

"ఎప్పుడు తెలుస్తుంది?"

"నీళ్ళలో వదిలితే తెలుస్తుందండీ."

 ఆవిడ లేచి తాతయ్య వైపు తిరిగి, "మీరు వెళ్ళండి తాతగారూ. పిల్లని సాయంత్రం పంపిస్తాను," అన్నారు. తాతయ్యకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక భుజం మీది తువ్వాలు తీసి కళ్ళకి అడ్డం పెట్టుకుని, అలాగే గుమ్మం దిగి వెళ్ళిపోయాడు. చెల్లి వచ్చి తన పక్కన చోటు చూపించింది. ఉండిలో మేనత్త బిడ్డని ఎవరో దూరపు చుట్టాలమ్మాయి ఆడించింది. నాన్న కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. నేను మొదటిసారి ఉత్తరం చదివి వినిపించిన రోజు నుంచి మెత్తబడ్డాడు.

తర్వాత చదువుకున్నాను. పదో తరగతి ఏలూరులో ఒక హాస్టల్లో ఉండి పూర్తి చేశాను. తాడేపల్లిగూడెం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి రిటైరయ్యేదాకా ఆ ఊళ్ళోనే ఉండిపోయాను. స్విచ్‌బోర్డు మీద పై వరస ప్లగ్గులు అందకపోతే కుర్చీ మీద పీట వేసుకుని కూర్చునేదాన్ని. ఎవరో పెద్దమనిషి ఒకసారి ఆఫీసుకొచ్చి, "ఇన్నాళ్ళూ ఫోన్లో నా మీద గద్దించింది మీరేనా అండీ?" అని నోరు తెరిచాడు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నారు మా వాళ్ళందరూ. నాకేం తక్కువ? పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, ఇద్దరూ నా భుజాలు దాటి నా తల దాటి ఎదిగారు. బస్సులో పైకడ్డీ మాత్రం ఇప్పటికీ అందదు. అందకపోతే పోనీ, సీటు కమ్మీ పట్టుకుంటాను.

కొల్లేరు ఇప్పుడు మా కొల్లేరులా లేదు. ఎటు చూసినా చేపల చెరువులు, గట్లు, గట్ల మీద లారీలు. ఆమధ్య మార్కెట్లో మట్టగిడసలు ఉన్నాయా అని అడిగితే ఆ అబ్బాయి, "ఇప్పుడెక్కడివండీ మామ్మగారూ, చెరువులోకి వస్తే ఏరి పారేస్తున్నారు కదండీ," అన్నాడు. ఆ నీడ నీళ్ళు, చినుకుల్లా కదిలే పిల్లలు కళ్ళలో మెదిలి ఖాళీ సంచీతో ఇంటికొచ్చేశాను. ఆ పూట వంట చెయ్యబుద్ధి కాలేదు.

చేప పోతే పోయింది, మాట కూడా పాడైపోయింది. ఇప్పుడు ఎవరి నోట విన్నా గిడసబారిన పైరు, గిడసబారిన పిల్లలు. ఎదుగూబొదుగూ లేని ప్రతిదానికీ అదే మాట తగిలిస్తున్నారు. పోయినేడు చెల్లి మనవరాలికి ఏలూరు ఆస్పత్రిలో నెలలు నిండకుండా బిడ్డ పుట్టింది. గుప్పెడంత పసిదాన్ని గాజుపెట్టెలో పడుకోబెట్టారు. చూడ్డానికి వచ్చిన ఒకావిడ పెదవి విరిచి, "అయ్యో, గిడస పిల్లండీ," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆస్పత్రి అని కూడా చూడకుండా, "నోరు ముయ్యండి. ఆ మాట దీనికి కాదు. ఇది ఇంకా నీళ్ళలో పడనేలేదు," అన్నాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. చెల్లి మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ బిడ్డ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది, కొరమేనవుతుందో ఏమవుతుందో దాని ఇష్టం.

నేను ఐదో తరగతిలో ఉండగానే తాతయ్య పోయాడు. ఊరంతా నన్ను గిడస అన్నా ఆయన మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. తెలిసేదాకా అనకూడదు కదా. ఆయన ఆగాడు. పాపం, తెలిసేదాకా బతకలేదు. పెద్దమ్మ పోయింది, నవ్విన పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు, ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఇప్పుడు లేరు. ఒకప్పుడు ఆ పిలుపు వింటే దాక్కునేదాన్ని. ఇప్పుడు ఆ ఒక్క నోటినుంచి ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటుంది. నా పిల్లల్ని కాచుకున్నాను, నా పని నేను చేశాను, భయపడలేదు. తెలిసిపోయింది తాతయ్యా, నేను కొరమేనుని కాదు. ఇక నువ్వు ఆ మాట అనొచ్చు.